కంప్యూటరు కెర్నెలు : ఆరంభములోని అనవసరపు ఆజ్ఞలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పల్లెటూరిలో ఒక గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు నిలుపుట సామాన్యమైన పని కాదు. స్థాపించుటకు ఉత్సాహము చాలును. నిలుపుటకు ఓపిక కావలెను. పుస్తకములకు చెదలు పట్టకుండ చూచుట, ఊడిన అట్టలు అతికించుట, ఏటేట నిల్వ సరిచూచుట, జాబితాలో రెండుమార్లు ఎక్కిన పేరును ఒకచోట కొట్టివేయుట - ఈ పనులకు పూలదండలు లేవు. అయినను ఇవి లేనిచో గ్రంథాలయమే లేదు. నేడు నేను విన్నవింపదలచిన విషయము అట్టి పనిని గూర్చినదే. ప్రపంచములో అసంఖ్యాకములైన యంత్రములను నడుపుచున్న ఒక ఉమ్మడి గ్రంథము కలదు. ఎవరైనను దానిని చదువవచ్చును, దిద్దవచ్చును, పంచిపెట్టవచ్చును. దాని పేరు లినక్స్ కెర్నెలు. ఆ గ్రంథములో పేరుకొనిన అనవసరపు ఆజ్ఞలను ఏరివేయుట ఎట్లు జరుగుచున్నదో, ఆ పనిలో మనకేమి సంబంధమో చెప్పెదను.

ఇది పట్నవాసుల విషయము గదా, కొల్లేటి గట్టున నున్న మనకేల యని కొందరు తలపవచ్చును. చేపల చెరువు రైతు రేటు కనుగొనుటకు జేబులోనుండి తీయు ఆండ్రాయిడ్ ఫోనులో పనిచేయునది లినక్స్ కెర్నెలే. ప్రపంచములో మిక్కిలి వేగముగల 500 గణనయంత్రముల పట్టికను ఏటికి రెండుమార్లు ప్రకటింతురు. 2017 నవంబరు పట్టికలో 500 యంత్రములకు 500 యంత్రములును లినక్స్ పైననే నడచినవి. రైతు జేబులోనిదియు, వాతావరణ శాస్త్రజ్ఞుని మహాయంత్రమును ఒకే మూలముపై ఆధారపడియున్నవి. ఇక మన పిల్లలు ఏలూరు కళాశాలలలోను, తాడేపల్లిగూడెములో 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థలోను కంప్యూటరు శాస్త్రము చదువుచున్నారు. వారు చదువునదేమో ఇంటనున్న పెద్దలకు కొంతయైన తెలిసియుండుట మేలు.

కెర్నెలు అను ఇంగ్లీషు మాటకు గింజ లోపలి పలుకు అని అర్థము. జీడిపిక్కకు పైన పెంకు, లోపల పలుకు ఉన్నట్లే, కంప్యూటరులో మన కంటికి కనబడు బొమ్మలు, అక్షరములు పైపెంకు వంటివి. అసలు పలుకు లోపల నుండును. దాని పని పంపకము. యంత్రములో నున్న మెమరీ కొంత, కాలము కొంత, డిస్కు కొంత, తెర కొంత - వీనిని కోరి వచ్చిన కార్యక్రమములు అనేకములు. ఎవరికెంత, ఎవరికెప్పుడు అని తీర్పుచెప్పునది కెర్నెలు. మన కాలువమీద లస్కరు చేయు పని ఇట్టిదే గదా! ఎగువ రైతు తూము ఎత్తివేసికొనినచో దిగువ రైతు పొలము ఎండును. ఒక కార్యక్రమము మెమరీ నంతయు లాగికొనినచో తక్కినవి నిలిచిపోవును. అట్లు జరుగకుండ కాపు కాయునది కెర్నెలు.

ఇక ఆరంభమనగా నేమి? దీనిని గోదావరి డెల్టావారికి చెప్పుట సులభము. 1847లో ఆర్థర్ కాటన్ దొరగారు మొదలిడి 1852 నాటికి పూర్తిచేయించిన ధవళేశ్వరము ఆనకట్టనుండి కాలువలకు నీరు వదలునాడు పనులన్నియు ఒక్కమారుగా జరుగవు. లాకులు, తలుపులు సరిచూచుకొనవలెను. ముందు పెద్ద కాలువ నిండవలెను, పిదప శాఖలు, ఆ పిదప పిల్లకాలువలు, చివరకు పొలముగట్టు వెంబడి బోదెలు. వరుస తప్పినచో గండి పడును. కంప్యూటరు మీట నొక్కినప్పుడును ఇట్టి వరుసయే నడచును. మెమరీ ఎంత కలదో లెక్కించుట, గడియారమును సరిపెట్టుట, బయటి పరికరములు పిలిచినప్పుడు పలుకుటకు ఏర్పాటు చేయుట, తక్కిన ప్రాసెసరులను మేలుకొలుపుట, డిస్కును తెరను గుర్తించుట - ఇవన్నియు క్షణములలో ముగియవలెను. ఈ తొలి అమరికల ఆజ్ఞలనే ఆరంభ ఆజ్ఞలందురు.

ఈ ఆజ్ఞలలో పెక్కింటికి ఆయువు కొద్దిపాటిది. పెండ్లి ముగిసిన పిదప పందిరి విప్పి రాటలు తాటాకులు ఎత్తివేసినట్లు, యంత్రము మేలుకొనిన తరువాత కెర్నెలు తన ఆరంభ ఆజ్ఞలు ఆక్రమించిన మెమరీని ఖాళీ చేసి ఇతర పనులకు ఇచ్చివేయును. ఇంత మెమరీ విడుదల చేసితినని తన దినచర్యలో ఒక పంక్తి వ్రాసికొనును కూడ. ఇంతటి పొదుపు గల గ్రంథములో అనవసరపు మాటలు ఎట్లు చేరినవి?

లినక్స్‌ను 1991లో ఫిన్లండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన ఇంట నున్న కంప్యూటరుకొరకు వ్రాయ మొదలిడెను. తొలి కూర్పులో సుమారు పదివేల పంక్తులు. 2025 నాటికి అది దాదాపు నాలుగు కోట్ల పంక్తుల గ్రంథమైనది. ఇన్ని దేశములవారు, ఇన్ని చేతులు, ఇన్ని సంవత్సరములు కూడిన వ్రాతలో పునరుక్తి రాకుండుట అసంభవము. అది వచ్చు త్రోవలు ముఖ్యముగా మూడు. క్రిందివారు ముందే చేసియుంచిన పనిని పైవారు తెలియక మరల చేయుట మొదటిది. ఒకరి వ్రాతను చూచి మరియొకరు ఉన్నదున్నట్లు దింపుకొనుట రెండవది. ఒకనాడు అవసరమైన పనికి కాలము చెల్లిపోవుట మూడవది. ఒక్కొక్కదానికి ఉదాహరణ చెప్పెదను.

మొదటిది సున్నకు సంబంధించినది. మెమరీ అనగా గళ్లుగళ్లుగా నున్న గాదె యనుకొనుడు. కెర్నెలును వ్రాయు సి భాషలో ఒక నియమము కలదు. కార్యక్రమము నడచునంతకాలము నిలిచియుండు గళ్లలో రచయిత ఏమియు వ్రాయనిచో అవి సున్నతోనే మొదలగును. కెర్నెలు లేచిన వెంటనే ఆ భాగమునంతటిని ఒక్కపెట్టున సున్నచేసి ఉంచును. అయినను జాగ్రత్తపరుడైన రచయిత ఒక్కొక్క గడి ఎదుట సున్న అని వ్రాయుట కలదు. ఊడ్చి అలికిన కళ్లమును మరల ఊడ్చినట్లు! పూర్వపు కంపైలర్లు, అనగా మన వ్రాతను యంత్రభాషలోనికి మార్చు సాధనములు, ఇట్లు వ్రాసిన సున్నలను నిజముగా దస్త్రములోనికి ఎక్కించెడివి. నాలుగువేల గళ్ల పట్టికకు సున్న అని వ్రాసినచో నాలుగువేల సున్నలును డిస్కులో చోటు ఆక్రమించి, ప్రతి ఉదయము మెమరీలోనికి మోయబడెడివి. తరువాతి కంపైలర్లు తెలివి నేర్చుకొని ఈ నష్టమును తప్పించినవి. అయినను ఇట్టి సున్నలు వ్రాయరాదనుట లినక్స్‌లో నియమముగానే నిలిచినది. వ్రాత దోషములను ముందుగా పట్టుకొను ఒక చిన్న సాధనము ఈ సున్నను చూచినంతనే హెచ్చరించును.

రెండవది దింపుకొనుట. యంత్రమునకు తగిలించు ప్రతి పరికరమునకు డ్రైవరు అను కార్యక్రమముండును. కొంతకాలము వరకు ప్రతి డ్రైవరు నమోదగునప్పుడు, ఇది ఫలానా భాగమునకు చెందినదని దాని రచయిత తన చేతితో వ్రాయవలసియుండెను. తరువాత నమోదుచేయు కేంద్రభాగమే ఆ పేరును తానుగా వ్రాసికొనునట్లు మార్చిరి. అయినను పాత పంక్తి వందలకొలది డ్రైవర్లలో నిలిచియుండెను. కొత్తగా వ్రాయువారు పాతదానిని చూచి వ్రాయుదురు గనుక కొత్తవానిలోనికిని ప్రాకెను. 2014లో వీనిని పెద్దయెత్తున ఏరివేసిరి. ఆ పిదపను అక్కడక్కడ మొలచినవానిని ఏరుచునే యున్నారు. మన కాలువలలో గుర్రపుడెక్క తీసినట్లే. ఒక ఏడు తీసితిమని మరునాటికి ఊరకుండరాదు. మిగిలిన ఒక్క పిలక చాలును, మరల కాలువ నిండుటకు.

దీనికి దగ్గరి చుట్టము మరియొకటి కలదు. కెర్నెలు లేచునప్పుడు గడియారపు ఒక్క చిటికెలో తన ప్రాసెసరు ఎన్నిమార్లు ఊరక తిరుగగలదో లెక్కించి, దానిని కొలతగా ఉంచుకొనుట పాత ఆచారము. గడియారపు వేగము ముందే రూఢిగా తెలిసిన యంత్రములలో ఈ కొలత అనవసరము, భాగహారముతో తేలిపోవును. అందుచేత ఆ కొలతను దాటవేసితినని దినచర్యలో వ్రాసి ముందుకు సాగునట్లు దిద్దిరి. ఒకే అచ్చున పోసిన కుంచములు పదునారు ఉన్నప్పుడు, ఒకదానిని కొలిచి తక్కినవానిని నమ్ముట లోకమర్యాదయే గదా.

మూడవది కాలము చెల్లుట. లినక్స్ పుట్టినది ఇంటెల్ వారి 386 అను చిప్పుపై. ఆ చిప్పు 1985లో వెలువడినది. తరువాతి చిప్పులలోని కొన్ని ఆజ్ఞలు దానిలో లేవు. మెమరీని కాపాడు విధానమునను దానిలో ఒక కొరత యుండెను. కావున కెర్నెలు అనేక చోట్ల, ఇది 386 యేనా యని విచారించి వేరుదారి త్రొక్కవలసి వచ్చెడిది. ఇంటెల్ వారు 2007లో ఆ చిప్పు తయారీని మానిరి. 2012 డిసెంబరులో ఇంగో మోల్నార్ అను కెర్నెలు నిర్వాహకుడు ఆ ప్రత్యేకపు దారులన్నింటిని తొలగించు దిద్దుబాటులను పంపెను. 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8 కూర్పునుండి 386 కు చోటు లేదు. తాను పుట్టిన ఇంటినే లినక్స్ విడిచిపెట్టినది. 2018 జూన్‌లో వెలువడిన 4.17 కూర్పులో వాడువారు లేని ఎనిమిది జాతుల ప్రాసెసరుల భాగములను ఒక్కమారుగా తీసివేసిరి. నాలుగున్నర లక్షలకు పైగా పంక్తులు తగ్గెను.

అనవసరపు ఆజ్ఞవలన వచ్చు నష్టమెంత? చోటు కొంత, కాలము కొంత అని అందరును చెప్పుదురు. అసలు నష్టము వేరొకటి కలదు. అది పొరపాటును కప్పిపుచ్చును. మన గ్రంథాలయములో నిల్వ సరిచూచు రోజును తలచుకొనుడు. రెండువేల పుస్తకముల పట్టిక యున్నది. ఒక్కొక్క పుస్తకమును చేతబట్టి చూచి ఎదుట ‘ఉన్నది’ యని గాని ‘లేదు’ అని గాని వ్రాయవలెను. పని తొందరగా తెముల్చుటకు ఒకరు ముందుగానే రెండువేల వరుసలకు ‘ఉన్నది’ యని వ్రాసి పెట్టి, లేనివానిని మాత్రము దిద్దుదమనిరనుకొనుడు. నడుమ ఒక బీరువా చూచుట మరచినచో ఆ మరపు ఎవరికిని తెలియదు. పట్టికలో ఖాళీ గడి లేదు గదా! ఖాళీగా విడిచియుండినచో ఆ ఖాళీయే, ఇచట చూడలేదని చెప్పియుండును. కెర్నెలులోను అంతే. ఒక పని సఫలమైనదా విఫలమైనదా అని తెలుపు గడిలో ముందుగానే సున్న, అనగా సఫలము, అని వ్రాసి ఉంచినచో, నడుమ ఒక దారిలో అసలు ఫలితము వ్రాయుట మరచినను కంపైలరు హెచ్చరింపజాలదు. విఫలమైన పని సఫలమైనట్లు పైకి పోవును. అనవసరమైన జాగ్రత్త ఇట్లు అజాగ్రత్తకు తెర యగును. ఇట్టి ముందు సున్నలను తీసివేయుట కేవలము శుభ్రత కొరకు గాదు, నిజము బయటపడుట కొరకు.

అయినచో కనబడిన ప్రతి పునరుక్తిని కొట్టివేయుటయేనా? కాదు. మన ఆలంకారికులు పునరుక్తిని దోషమనిరి గాని, సంభ్రమమునందును ఆదరమునందును అది దోషము గాదనియు చెప్పిరి. ఇచటను అట్టి వివేకమే కావలెను.

1994లో ఇంటెల్ పెంటియం చిప్పులో ఒక లోపము బయటపడెను. కొన్ని ప్రత్యేకమైన భాగహారములలో అది తప్పు సమాధానము చెప్పుచుండెను. 4195835 ను 3145727 చేత భాగించినచో 1.33382 రావలసినచోట 1.33374 వచ్చెడిది. లినక్స్ ఆరంభములో ఈ లెక్కను చేసి చూచి, చిప్పు తప్పు పలికినచో ఆ విషయమును నమోదు చేయు ఏర్పాటు చేర్చిరి. సంగతి తెలియనివాడు ఆ పంక్తులను చూచి, యంత్రము లేచునప్పుడు ఈ చిన్నపిల్లల భాగహారమేలయని నవ్వవచ్చును. వ్రాసినవాని కారణము పంక్తిలో కనబడదు, చరిత్రలో కనబడును.

చరిత్ర తెలియక తీసివేసినచో ఏమగునో 2006లో లోకమునకు ఒక గుణపాఠము దొరికినది. ఇది కెర్నెలులో గాక దానిపై నడచు ఒక రహస్యలిపి సాధనములో జరిగినది. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనునది దాని పేరు. కంప్యూటరుల నడుమ రహస్యముగా వార్తలు పంపుటకు తాళపుచెవులు తయారుచేయునది. తాళపుచెవి ఎవరికిని ఊహకు అందరాదు గనుక, ఆ సాధనము పలుచోట్లనుండి యాదృచ్ఛికమైన అంకెలను పోగుచేసి కలిపెడిది. ఆ కలిపెడి చోటులలో ఒకటి, ఇంకను ఏమియు వ్రాయని మెమరీ గళ్లను చదువుచుండెను. దోషములు వెదకు పరికరము దీనిని తప్పని హెచ్చరించెను. డెబియన్ అను లినక్స్ కూర్పును సిద్ధపరచువారు ఆ హెచ్చరిక పోవుటకై రెండు పంక్తులను నిలిపివేసిరి. తీసివేయవచ్చునా యని రచయితల సంఘమును అడుగకపోలేదు. కాని ప్రశ్నలో సందర్భము పూర్తిగా లేదు, జవాబులో పరిశీలన పూర్తిగా లేదు. ఆ రెండింటిలో ఒక పంక్తి అంకెలన్నింటిని కలుపు ముఖ్యమైన పంక్తి. దానితో ఊహకు అందనిదిగా మిగిలినది ఒక్క సంఖ్య మాత్రమే. అదియు 32,768 రకములకు మించనిది. కోటానుకోట్ల రకముల తాళపుచెవులు ఉండవలసినచోట ఒక గుత్తిలో పట్టునన్ని మిగిలెను. 2008 మే నెలలో ఈ సంగతి బయటపడువరకు దాదాపు ఇరువది నెలలు ఆ చెవులతోనే లోకము తాళములు వేసికొనెను. పిదప వానినన్నింటిని పారవేసి కొత్తవి చేయించుకొనవలసి వచ్చెను.

ఇంకొక విశేషము. ఒకవైపు అనవసరపు సున్నలను ఏరివేయుచునే, 2019లో వెలువడిన 5.3 కూర్పులో మెమరీని ఇచ్చునప్పుడు దానిని ముందుగా సున్నచేసి ఇచ్చు సదుపాయమును లినక్స్‌వారు చేర్చిరి. ఇది పైకి పునరుక్తివలె కనబడును; పుచ్చుకొనువాడు ఎటులను తన అంకెలు వ్రాసికొనును గదా. కాని వాడు మరచినచో, ముందున్నవాని రహస్యములు ఆ గళ్లలో మిగిలి పరులకు దొరకును. అద్దెకున్నవారు ఖాళీచేసిన ఇంటికి సున్నము కొట్టించి కొత్తవారికి ఇచ్చుట వంటిది ఈ జాగ్రత్త. కొంచెము కాలము ఖర్చగును. అయినను భద్రతకొరకు కోరినవారు దానిని పెట్టుకొందురు. కావున ఒకే పని రెండుమార్లు జరుగుచున్నదా యని చూచుట చాలదు. రెండవమారు జరుగుట ఎవరిని కాపాడుచున్నదని చూడవలెను.

ఈ వివేకమును లినక్స్‌వారు ఒక పద్ధతిగా ఏర్పరచుకొనిరి. దిద్దుబాటు చేయదలచినవాడు ఒక్క విషయమునే దిద్దవలెను. నాలుగు సంగతులను ఒక మూట కట్టరాదు. ఏమి దిద్దితినో అనుటకంటె ఏల దిద్దితినో వివరముగా వ్రాయవలెను. తన పేరుతో సంతకము చేయవలెను. దానిని అందరియెదుట ఉంచవలెను. ఆ భాగమును కనిపెట్టియుండు నిర్వాహకుడు, తక్కిన చదువరులు ప్రశ్నలు వేయుదురు. సమాధానము కుదిరిననే అది గ్రంథములో చేరును. చేరిన పిదప ఎచటనైన ఎవరి యంత్రమైన నిలిచిపోయినచో, ఏ దిద్దుబాటువలన నిలిచినదో సగము సగముగా వెదకి పట్టుకొను ఉపాయము కలదు. 1000 దిద్దుబాటులలో దోషి నొకదానిని పది పరీక్షలలో పట్టవచ్చును. పట్టిన పిదప ఆ దిద్దుబాటును వెనుకకు తీసికొనుటకు సంకోచింపరు. పనిచేయుచున్న వారి పని చెడగొట్టరాదనునది వారి మొదటి ధర్మము.

వేలాది దస్త్రములలో ఒకే రకపు పునరుక్తి యున్నప్పుడు మనుష్యుని కన్ను చాలదు. అందుకై ఫ్రాన్సు, డెన్మార్కు దేశముల పరిశోధకులు ఒక సాధనము చేసిరి. దాని పేరు కాక్సినెల్. ఫ్రెంచి భాషలో అక్షింతల పురుగు అని అర్థము. వరిచేలలో పేనుబంకను తిని రైతుకు మేలుచేయు ఆ చిన్న పురుగు మీ రెరిగినదే. ఇట్టి ఆకారముగల వ్రాత ఎచటనున్నను ఇట్లు మార్చుమని ఒక్కమారు చెప్పినచో ఆ సాధనము గ్రంథమంతయు గాలించును. అయినను అది తెచ్చిన ప్రతి మార్పును మనిషి చదివియే ఒప్పుకొనవలెను.

ఇంతవరకు నేను పనితీరు చెప్పితిని. ఇక మనకు తగులు సంగతి చెప్పి ముగించెదను. ఏది అనవసరము అను తీర్పు ఎవరు చెప్పుదురు? శుభ్రపరచుట యన్నంతనే ఈ ప్రశ్న లేవక మానదు. 2006లో కొల్లేటి అభయారణ్యపు హద్దులలోని చేపల చెరువుల గట్లను కొట్టివేసిన దినములు ఈ ప్రాంతమువారికి జ్ఞాపకమున్నవి. సరస్సునకు ఊపిరి ఆడవలెననుట నిజము. ఉప్పుటేరు వైపు నీరు సాగవలెననుట నిజము. ఆ గట్లను నమ్ముకొని బ్రతికిన కుటుంబములు ఉండెననుటయు నిజము. ఆ వివాదమును ఇచట విప్పను. తొలగింపు ఎంత మంచిదైనను, దానిక్రింద ఎవరున్నారో అడుగకుండ చేయరాదని మాత్రము చెప్పుచున్నాను.

కెర్నెలులోను ఇదే న్యాయము. 2018లో ఎనిమిది జాతుల ప్రాసెసరులు తొలగిపోయినవి గాని, వానికంటె పాతదైన మోటరోలా 68000 జాతి నిలిచియుండెను. కారణమేమి? దానిని వాడువారుండిరి, మాకు ఇది కావలెనని చెప్పువారుండిరి, దానిని చక్కబెట్టు బాధ్యత వహించిన నిర్వాహకులుండిరి. పాతదనము ఒక్కటే తొలగింపునకు కారణము కాలేదు. అడుగువాడు, చూచువాడు లేకపోవుట కారణమైనది. ధనవంతులు మూడేండ్లకొక యంత్రము మార్చుదురు. పల్లెలలోని బడులు, గ్రంథాలయములు, చిన్న దుకాణములు పాత యంత్రములతోనే కాలము గడుపుచున్నవి. మన యంత్రములో ఏ పరికరమున్నదో, అది ఇంకను ఎందరికి అన్నము పెట్టుచున్నదో చెప్పుటకు మనలో ఒకడైనను ఆ సభలో లేనిచో, మనకు కావలసినది అనవసరములలో చేరిపోవును. చేసినవారికి మనపై ద్వేషముండి కాదు. మన మున్నామని వారికి తెలియక.

కావున యువకులారా, యువతులారా, ఈ గ్రంథము మీకు తెరచియున్నది. ప్రవేశరుసుము లేదు, సిఫారసు అక్కరలేదు. మొదటనే గొప్ప నిర్మాణము చేయనక్కరలేదు. ఒక డ్రైవరును తీసికొని ఆరంభభాగమును చదువుడు. ఈ పంక్తి ఏల ఉన్నది, దీనిని ఎవరు ఎప్పుడు వ్రాసిరి, ఇప్పుడు దాని పని మరియొకరు చేయుచున్నారా యని విచారింపుడు. లినక్స్ చరిత్ర 2005 నుండి దిద్దుబాటు వెంబడి దిద్దుబాటుగా, కారణముల తోడ భద్రముగానున్నది. అనవసరమని రూఢిగా తేలినచో కారణము వ్రాసి పంపుడు. తిప్పి పంపినచో చదివి మరల వ్రాయుడు. లోకములో పేరుపొందిన కెర్నెలు పండితులు పెక్కుమంది ఇట్టి చిన్న శుభ్రతతోనే చేయి తిప్పుకొనిరి. ఒక పంక్తిని తీసివేయుటకు పది దస్త్రములు చదువవలసి వచ్చును. ఆ పది దస్త్రముల చదువే మీకు దక్కు ఫలము.

పెద్దలకు ఒక మనవి. ఈ గ్రంథాలయములో ఒక మూల ఒక పాత కంప్యూటరుకు చోటియ్యుడు. దానిలో లినక్స్ వేసికొనుటకు కాసు ఖర్చు లేదు. ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము నడపిన అయ్యంకి వెంకటరమణయ్య, పాతూరి నాగభూషణముగార్ల వంటివారు పుస్తకము పాఠకుని వెదకికొని పోవలెనని తలచి, 1935లో కృష్ణా కాలువలపై పడవలలో పుస్తకములు పంపించిన కాలము కలదు. ఆనాడు పడవ ఎక్కిన పుస్తకము నేడు తీగల వెంట వచ్చుచున్నది. దానిని చదువుటకు ఒక బల్ల, ఒక దీపము, అడిగిన దానికి విసుగుకొనని ఒక పెద్ద ఉన్న చాలును.

గ్రంథాలయము పెరుగుచుండు ప్రాణివంటిదని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రీకరించిరి. పెరుగునది గనుకనే దానికి ఏటేట శుభ్రత కావలెను. రేపు కార్యవర్గమువారు పాత జాబితాలు సరిచూచునప్పుడు, చిరిగినదని ఒక పుస్తకమును పారవేయుటకు ముందు దాని చివరి పుటనున్న తేదీల చీటిని ఒకమారు చూడవలెనని కోరుచున్నాను. గత మాసమే ఎవరో దానిని ఇంటికి తీసికొనిపోయి చదివియుండవచ్చును.